పొద్దున మొరాయించే కాటా

ఒక చిక్కు ప్రశ్నతో మొదలుపెడదాం.

అనంతపురం జిల్లాలో కల్యాణదుర్గం దాటి కర్ణాటక సరిహద్దు వైపు వెళితే కుందుర్పి వస్తుంది. ఊరి పక్కన కొండ, కొండమీద పాత కోట, చుట్టూ ఎర్రనేలలు. జిల్లా మొత్తానికి ఏడాదిలో పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. అదీ పడిన సంవత్సరం పడినట్టు, లేని సంవత్సరం లేనట్టు. ఆ కాస్త తడికే బతికి కాయ కాసేది వేరుశనగ. అక్కడివాళ్ళు చెనిక్కాయ అంటారు.

ఆ ఊళ్ళో ఒక కాయల మిల్లు ఉందనుకుందాం. మిల్లులో బస్తాలు తూచడానికి రెండు ఎలక్ట్రానిక్ కాటాలు ఉన్నాయి. రెండూ ఒకే రకం, ముప్ఫయ్యేళ్ళ కిందటివి. వేసవిలో కరెంటు ఎగుడుదిగుడుకు వాటిలో ఒకదాని లోపల ఒక చిప్పు కాలిపోయింది. రిపేరు షాపు అన్న బెంగుళూరు నుంచి అదే నంబరు చిప్పు తెప్పించి వేశాడు. కాటా చక్కగా పనిచేసింది. అన్న డబ్బు తీసుకున్నాడు, మిల్లువారు మరచిపోయారు.

డిసెంబరు వచ్చింది. కాయలు మిల్లుకు రావడం మొదలైంది. పొద్దున్నే చలిలో మొదటి ట్రాక్టరు వచ్చి నిలబడింది. 40 కిలోల బస్తా ఎక్కిస్తే కాటా 8 కిలోలు చూపించింది! దింపి మళ్ళీ ఎక్కిస్తే 296 కిలోలు! ఇంకోసారి ఎక్కిస్తే అంకెలకు బదులు పిచ్చిగీతలు. ఏడాదంతా కష్టపడి తెచ్చిన పంట కదా, రైతులు ఊరుకుంటారా? గొడవ అయింది. అన్నను పిలిపించారు. ఆయన వచ్చేసరికి పదకొండు గంటలయింది, ఎండ బాగా కాస్తోంది. బస్తా ఎక్కించాడు. సరిగ్గా 40 కిలోలు. పది బస్తాలు ఎక్కించాడు. పదీ సరిగ్గానే ఉన్నాయి!

మర్నాడు పొద్దున మళ్ళీ అదే వరస. మధ్యాహ్నానికి మళ్ళీ బుద్ధిమంతురాలు.

రేడియో కాని, టీవీ కాని సాధారణంగా వేడికి మొరాయిస్తుంది, చల్లబడితే పనిచేస్తుంది. ఇదేమో తలకిందులుగా ఉంది. ఎందుకని? మిల్లూ కాటా నేను కల్పించినవే. కాని కాటాకు పట్టిన జబ్బు కల్పన కాదు. పాత యంత్రాల్లో కొత్త చిప్పులు వేసేవారికి దేశదేశాల్లో ఎదురయ్యే జబ్బే అది. సెలవుల్లో మీరు ఆ షాపులో అన్నకు సాయంగా కూర్చున్నారనుకోండి. ఇద్దరూ కలిసి కనిపెట్టండి, చూద్దాం.

ఆ చిప్పు ఏం చేస్తుంది?

ముందు రోగిని పరిచయం చేసుకుందాం. కాటా మూత తీస్తే ఆకుపచ్చ పలక మీద నల్లటి చిప్పులు కనిపిస్తాయి. ఒకటి మైక్రోప్రాసెసరు, అంటే లెక్కలు చేసేది. ఒకటి జ్ఞాపకశక్తి, అంటే బరువును రాసిపెట్టుకునే పలక లాంటిది. వీటి మధ్య ఇరవై కాళ్ళ చిన్న చిప్పు ఒకటుంది. దాని పేరు 16వి8. మన రోగి అదే.

దానిది ట్రాఫిక్ పోలీసు పని. ప్రాసెసరు ఏదో ఒక అంకె పంపుతుంది. 'ఈ అంకె వస్తే జ్ఞాపకానికి దారి ఇవ్వు, ఆ అంకె వస్తే బరువు చూపే దీపాలకు దారి ఇవ్వు' అని నిర్ణయించేది ఈ చిప్పు. దీని లోపల పెద్ద తెలివేమీ లేదు. అడ్డంగా 64 తీగలు, నిలువుగా 32 తీగలు ఉన్న వల ఉందంతే. 16 సంకేతాలు లోపలికి రావచ్చు. ప్రతి సంకేతానికీ రెండు నిలువు తీగలు: ఒకటి 'ఉంది' అని చెప్పేది, ఇంకొకటి 'లేదు' అని చెప్పేది. పదహారు రెళ్ళు ముప్ఫై రెండు. అడ్డ తీగల్లో ఎనిమిదేసి కలిసి ఒక్కొక్క సమాధానం చెబుతాయి. ఎనిమిది సమాధానాలు కాబట్టి ఎనిమిదెనిమిదులు అరవై నాలుగు. 64ను 32తో గుణించండి. 2,048 కూడళ్ళు! ఏ కూడలిలో ముడి వేయాలో, ఏ కూడలిలో విప్పాలో మనమే నిర్ణయించవచ్చు. 'వాన పడింది, విత్తనమూ ఉంది, అయితే విత్తు' అన్నట్టుగా ఒక్కో అడ్డ తీగ మీద ఒక్కో షరతు రాయవచ్చు. ఈ షరతుల్లో ఏ ఒక్కటి నిజమైనా సమాధానం 'అవును' అని వస్తుంది. ఇంతే సంగతి.

ఇటువంటి చిప్పును 1978లో అమెరికాలోని మోనోలిథిక్ మెమరీస్ అనే సంస్థ బజారులోకి తెచ్చింది. జాన్ బర్క్‌నర్, హెచ్.టి. చువా అనే ఇంజనీర్లు దాన్ని రూపొందించారు. పేరు ప్యాల్. అందులో ముడులు విప్పడమంటే సన్నని తీగముక్కలను కాల్చివేయడమే. మన ఇంట్లో ఫ్యూజు పోయినట్టే. ఒకసారి కాలితే కాలినట్టే, తప్పు రాస్తే చిప్పు చెత్తబుట్టలోకి. 1985లో లాటిస్ అనే సంస్థ గ్యాల్ అనే రకం తెచ్చింది. ఇందులో తీగ కాల్చే పని లేదు. ప్రతి కూడలిలోనూ గాజులాంటి పొర వెనక కొద్దిపాటి విద్యుదావేశాన్ని బంధించి ఉంచుతారు. కావాలంటే చెరిపి మళ్ళీ రాయవచ్చు. 16వి8 ఈ జాతిదే. లాటిస్ వారు గ్యాల్ తయారీ ఎప్పుడో ఆపేశారు. దానికి బదులుగా వేసుకోదగ్గ చిప్పును అట్మెల్ అనే సంస్థ చేసేది. 2016లో ఆ సంస్థను మైక్రోచిప్ కొనేసింది. మైక్రోచిప్ వారికి మన హైదరాబాదులోనూ పరిశోధన కేంద్రం ఉంది. కుందుర్పి కాటాకూ హైదరాబాదుకూ ఈ పాటి చుట్టరికం ఉందన్నమాట.

తప్పు ఎవరిది?

సరే, షాపుకు వద్దాం. అన్న విసుగ్గా ఉన్నాడు.

"ఏం అన్నా, చిప్పు కొత్తదే కద?" అని మీరడిగారు.

"కొత్తదే. అదే బాధ!" అన్నాడాయన. "ఈ కొత్త సరుకంతా నకిలీ. పది తెప్పించినా. ఇంకోటి మార్చి చూసినా, అదీ అంతే."

నకిలీ కావచ్చు. పాత చిప్పుల మీది అక్షరాలు గీకేసి, నల్లరంగు పూసి, వేరే పేరు అచ్చువేసి అమ్మేవాళ్ళు ఉన్నారు. గుడ్డకు కొద్దిగా ఎసిటోన్ తడిపి రుద్దితే ఆ రంగు ఊడివస్తుంది. చిప్పు మీది నాలుగంకెలు కూడా చూడాలి. 9432 అని ఉంటే 1994వ సంవత్సరం, 32వ వారంలో తయారైందని అర్థం. తయారీ ఆగిపోయిన తరవాతి తేదీ కనిపిస్తే అనుమానించాల్సిందే. మీరిద్దరూ రుద్దారు. రంగు ఊడలేదు. తేదీ సవ్యంగానే ఉంది. మరి?

"మీ నాయన కొత్త విత్తనం తెస్తే ఏం చేస్తాడు?" అని అన్న హఠాత్తుగా అడిగాడు.

"తడి గోనెపట్టాలో వంద గింజలు చుట్టిపెట్టి, ఎన్ని మొలకలొచ్చినాయో లెక్కబెడతాడు. డెబ్బయ్యన్నా రావాల."

"ఇంట్లో ఉండే పాత విత్తనం గూడా పక్కనే పెడతాడా?"

"పెట్టకపోతే గోనెది తప్పో, గింజది తప్పో ఎట్ల తెలుస్తుంది అన్నా?"

చూశారా, ఈ మాటలోనే ఉంది అసలు కిటుకు. ప్రయోగశాలల్లో పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు చేసేదీ ఇదే. అనుమానమున్నదాన్నీ, మంచిదని తెలిసినదాన్నీ ఒకే పరిస్థితిలో పెట్టి చూడాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు మార్చారో, ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

మర్నాడు తెల్లవారుజామున ఇద్దరూ మిల్లుకు వెళ్ళారు. (ఇటువంటి పెట్టెల మూతలు తీసేటప్పుడు మీరు ఒంటరిగా ఉండకూడదు సుమా! ముందు కరెంటు తీగ ఊడబీకాలి. లోపలి పెద్ద కండెన్సర్లు తీగ పీకిన తరవాత కూడా కొంతసేపు షాకు కొడతాయి.) రెండో కాటాలోని పాత చిప్పును మొదటి కాటాలో పెట్టారు. బాగా పనిచేసింది. కొత్త చిప్పును రెండో కాటాలో పెట్టారు. పిచ్చిగీతలు! అంటే కాటాది తప్పు కాదు, జబ్బు చిప్పు వెంట నడుస్తోంది. ఇరవయ్యో కాలి దగ్గర, పదో కాలి దగ్గర కరెంటు కొలిచారు: 5 వోల్టులు, నిక్షేపంగా ఉంది.

"చెప్పినా కద!" అన్నాడు అన్న. కాని తొందరపడకండి. జబ్బు చిప్పు వెంట నడుస్తోందంటే చిప్పు చెడ్డదని కాదు. అది పాతదానికన్నా వేరుగా ఉందని మాత్రమే. ఈ రెంటికీ తేడా చాలా ఉంది.

రాత సరిగ్గా పడిందా?

వేరుగా ఉన్నదేమిటో కనిపెట్టాలి. మొదటి అనుమానం రాత మీద. చిప్పులో ముడులు వేసే పెట్టెను ప్రోగ్రామరు అంటారు. ముడులు వేయడానికి మామూలు 5 వోల్టులు చాలవు, అంతకు రెండు మూడు రెట్లు కావాలి. ఎన్ని వోల్టులు, ఎంతసేపు అన్నది తయారీదారును బట్టీ, తరాన్ని బట్టీ మారుతుంది. ఒకే 16వి8 అయినా మొదటి తరానికి ఒక లెక్క, తరవాతి తరానికి ఇంకో లెక్క. ప్రోగ్రామరు ముందు చిప్పు లోపల దాగి ఉన్న సంతకాన్ని చదివి దాని ప్రకారం నడుచుకోవాలి. పాతకాలపు ప్రోగ్రామరుకు కొత్త సంతకం తెలియకపోతే, లేదా మనం తెరమీద ఒక కంపెనీ పేరుకు బదులు మరో కంపెనీ పేరు నొక్కితే, కొన్ని కూడళ్ళలో ఆవేశం అరకొరగా నిండవచ్చు. ఇంకో తిరకాసు కూడా ఉంది. కొన్ని కొత్త రకాల్లో నాలుగో కాలికి 'నిద్రపో' అనే అదనపు అర్థం చేర్చారు. దాన్ని వాడాలా వద్దా అని చెప్పే ముడి ఒకటి ఎక్కువగా ఉంటుంది. ఆ ముడి పొరపాటున పడితే చిప్పు మధ్యమధ్య నిద్రపోతుంది!

ప్రోగ్రామరు చివర 'సరిపోయింది' అని చెబుతుంది. దాన్ని ఎంతవరకు నమ్మాలి? అది చెప్పేది ఒక్కటే: రాసిన ముడులను నిదానంగా చదివిచూస్తే అవే కనిపించాయని. చిప్పు పరుగెత్తేటప్పుడు ఎలా ఉంటుందో దానికి తెలియదు.

అందుకని మీరు మొలకల పరీక్షలాంటిదే ఇంకొకటి చేశారు. ఒక పలక మీద చిప్పును గుచ్చి, లోపలికి వెళ్ళే కాళ్ళకు స్విచ్చులు, బయటికి వచ్చే కాళ్ళకు చిన్న దీపాలు తగిలించారు. కాటాతో వచ్చిన పుస్తకంలో షరతులన్నీ అచ్చువేసి ఉండటం మన అదృష్టం. చాలామంది తయారీదారులు చిప్పుకు తాళం వేసేస్తారు, అప్పుడు లోపల ఏముందో చదవడానికే వీలుండదు. ఒక్కో స్విచ్చూ వేస్తూ దీపాలు చూస్తూ పట్టికలో టిక్కులు పెట్టారు. పాత చిప్పు అన్నీ సరిగ్గా చెప్పింది. కొత్త చిప్పు కూడా అన్నీ సరిగ్గా చెప్పింది!

ఇప్పుడు కదా కథ రంజుగా మారింది. అడిగినవాటికన్నిటికీ సరైన జవాబులే చెబుతుంది, అయినా కాటాలో పెడితే పనిచేయదు. జవాబు సరైనదే అయినప్పుడు ఇక మిగిలింది ఏమిటి? జవాబు ఎప్పుడు చెప్పిందన్నదే.

త్వరగా రావడమూ తప్పేనా?

చిప్పుకు ప్రశ్న అందిన తరవాత జవాబు బయటికి రావడానికి కొంత సమయం పడుతుంది. దాన్ని నానోసెకన్లలో కొలుస్తారు. సెకనులో నూరుకోట్లో వంతు ఒక నానోసెకను. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తే వెలుతురు కూడా నానోసెకనులో 30 సెంటీమీటర్లే వెళుతుంది, అంటే మీ స్కేలు పొడవు.

పాత చిప్పు మీద 25 అని అచ్చువేసి ఉంది. అంటే 25 నానోసెకన్లు. ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆ 25 అనేది కొలత కాదు, హామీ. '25 లోపల జవాబిస్తాను' అని. 24లో ఇచ్చినా హామీ నిలిచినట్టే, 10లో ఇచ్చినా నిలిచినట్టే. అంతకన్నా త్వరగా రానని ఎవరూ గట్టిగా మాటివ్వలేదు. కనిష్ఠ సమయాన్ని పట్టికలో నామమాత్రంగా వేస్తారు, కొన్నిచోట్ల అసలు వేయనే వేయరు.

ముప్ఫయ్యేళ్ళ కిందట కాటాను తయారుచేసినవాళ్ళు చిప్పులు కొన్నారు, పెట్టి చూశారు, పనిచేసింది, అమ్మారు. ఆ చిప్పులు అప్పట్లో 18 నానోసెకన్లు తీసుకునేవి అనుకుందాం. కాటా ఆ 18కి తెలియకుండానే అలవాటు పడింది. పల్లె బస్సు బోర్డు మీద 'తొమ్మిది లోపు' అని ఉంటుంది. రోజూ తొమ్మిదికి అయిదు నిమిషాల ముందే వస్తుంటే మీరు ఇంట్లోంచి తొమ్మిదికి పది నిమిషాలనగా బయల్దేరతారు. ఒకరోజు కొత్త డ్రైవరు ఎనిమిదిన్నరకే వచ్చి వెళ్ళిపోయాడు. ఆయన బోర్డును తప్పలేదు. అయినా మీకు బడి పోయింది!

చిప్పులకు కొత్త డ్రైవరు ఎలా వస్తాడంటారా? ఫ్యాక్టరీల్లో పాత యంత్రాలు పోయి, ఇంకా సన్నని గీతలు గీయగల కొత్త యంత్రాలు వస్తాయి. అదే బొమ్మను చిన్నదిగా గీస్తారు. చిన్నదైతే ఒక్క పలకలో ఎక్కువ చిప్పులు వస్తాయి, ఖర్చు తగ్గుతుంది. విద్యుత్తు నడవవలసిన దూరమూ, నింపవలసిన ఆవేశమూ తగ్గుతాయి కాబట్టి వేగమూ పెరుగుతుంది. హామీలన్నీ నిలిచాయి కనక పేరు మార్చరు. 25 అని అచ్చువేసిన చిప్పు లోపల 10లో జవాబు చెప్పే సరుకు ఉండవచ్చు. నెమ్మదైన రకం కొంటే సరిపోతుందనుకోవడం అందుకే పొరపాటు.

మన కాటాలో ఏం జరుగుతోందో చూడండి. ప్రాసెసరు బరువును జ్ఞాపకంలో రాయిస్తుంది. 'రాయడం ముగిసింది' అనే సంకేతం జ్ఞాపకానికి నేరుగా వెళుతుంది. అంకెను మోసుకొచ్చే ద్వారాన్ని మూయమని చెప్పేది మాత్రం 16వి8. సంకేతం అందాక కూడా 10 నానోసెకన్లపాటు అంకె కదలకుండా నిలబడితే తప్ప జ్ఞాపకానికి అది ఒంటబట్టదు. (మధ్యలో ఇతర చిప్పుల ఆలస్యాలు ఉంటాయి, లెక్క సులువు కోసం వదిలేస్తున్నాను.) పాత చిప్పు 18 తరవాత ద్వారం మూసేది, 8 నానోసెకన్లు మిగిలేవి. కొత్తది పదికి అటూ ఇటూగా మూసేస్తోంది. మాస్టారు బోర్డు మీద రాసింది మీరు సగం ఎక్కించుకునేలోపే తుడిచేసినట్టు.

మరి పొద్దున్న, మధ్యాహ్నం తేడా? స్ఫటికం వేడెక్కితే అందులోని పరమాణువులు ఎక్కువగా కంపిస్తాయి. వాటి మధ్య దూసుకుపోయే ఎలక్ట్రానులకు అడ్డంకులు పెరుగుతాయి. అందువల్ల ఇటువంటి చిప్పులు వేడిలో నెమ్మదిస్తాయి, చలిలో చురుకవుతాయి. తెల్లవారుజామున 9.6, మధ్యాహ్నం 10.3 అయిందనుకోండి. తేడా పదో వంతు కూడా లేదు. కాని మన కాటా సరిగ్గా గట్టు అంచు మీద నిలబడి ఉంది, దానికి ఆ మాత్రం తోపు చాలు. వేసవిలో వేసిన చిప్పు డిసెంబరు దాకా ఎందుకు పట్టుబడలేదో ఇప్పుడు తెలిసింది కదూ!

దీన్ని పరీక్షించడం సులువే. అన్న సెలూనుకు వెళ్ళి జుట్టు ఆరబెట్టే యంత్రం అడిగి తెచ్చాడు. తెల్లవారుజామున పిచ్చిగీతలు చూపుతున్న కాటాలో ఆ చిప్పు ఒక్కదానికే వేడిగాలి కొట్టారు, మరీ కాలిపోయేలా కాదు, వేలు పెట్టి ఓర్చుకోగలిగినంత. నిమిషం గడిచేసరికి 40 కిలోలు! గాలి ఆపారు. కాసేపటికి పిచ్చిగీతలు. మళ్ళీ కొట్టారు, మళ్ళీ 40. అన్న మొహంలో నవ్వు చూడాలి అప్పుడు.

కమడోర్ కథ

ఇది కుందుర్పి కల్పన కనక నమ్మబుద్ధి కావడం లేదంటారా? అయితే నిజంగా జరుగుతున్నది వినండి. 1982లో కమడోర్ 64 అనే ఇంటి కంప్యూటరు వచ్చింది. లక్షల కొద్దీ అమ్ముడుపోయింది. దానిలోనూ ట్రాఫిక్ పోలీసుగా ఒక ప్రోగ్రామబుల్ చిప్పు ఉంది. 1975లో సిగ్నెటిక్స్ సంస్థ తెచ్చిన 82ఎస్100 జాతిది: 28 కాళ్ళు, 16 ప్రశ్నలు, 8 జవాబులు, 48 షరతులు. జవాబుకు హామీ 50 నానోసెకన్లు. ఆ చిప్పులు బాగా వేడెక్కి తరచు చచ్చిపోతాయి. ఇప్పటికీ ఆ కంప్యూటర్లను ముచ్చటపడి బాగుచేసుకునేవాళ్ళు దాని స్థానంలో కొత్త చిప్పులు వేస్తుంటారు. పట్టిక అంతా అక్షరాలా సరిపోయినా కొన్ని కంప్యూటర్లు మొరాయిస్తాయి.

కారణం చిత్రమైనది. ఆ కంప్యూటరులో జ్ఞాపకానికి చిరునామాను రెండు ముక్కలుగా ఇస్తారు, ముందు వరస, తరవాత నిలువు. 'ఇక నిలువు చదువుకో' అనే సంకేతం ఒకటే రెండు దారుల్లో వెళుతుంది. ఒక దారిలో వెళ్ళి చిరునామాను మారుస్తుంది. రెండో దారిలో మన ట్రాఫిక్ పోలీసు గుండా వెళ్ళి జ్ఞాపకాన్ని తట్టి లేపుతుంది. పోలీసు నిదానస్థుడు కాబట్టి తట్టేసరికి చిరునామా మారి సిద్ధంగా ఉండేది. పోలీసును కుర్రవాణ్ణి చేస్తే? చిరునామా ఇంకా మారుతుండగానే జ్ఞాపకాన్ని తట్టేస్తాడు! అది తప్పుడు గది తలుపు తీస్తుంది. అక్కడ చిప్పు నిదానం కూడా యంత్రంలో ఒక భాగమే. పటంలో అది ఎక్కడా గీసి ఉండదు.

ఇంకోరకం ఇబ్బంది కూడా ఉంది. కాగితం, పెన్సిలు తీసుకోండి. 'క ఉండి గ ఉంటే అవును. లేదా క లేకుండా చ ఉంటే అవును' అని ఒక షరతు రాసుకోండి. గ, చ రెండూ ఉన్నాయి. అప్పుడు క ఉన్నా లేకున్నా జవాబు 'అవును' కావాలి కదా? ఇప్పుడు క ఆరిపోయింది. 'క ఉంది' అనే తీగ వెంటనే చల్లబడింది. 'క లేదు' అనే తీగ లేవడానికి ఒకటి రెండు నానోసెకన్లు ఆలస్యమైంది. ఆ రెప్పపాటులో రెండు షరతులూ అబద్ధమే! జవాబు ఒక్కసారి 'కాదు' అని వెంటనే 'అవును' అంటుంది. నిదానమైన పాత చిప్పు ఈ చిన్న తడబాటును మింగేసేది. చురుకైన కొత్తది పైకి కక్కేస్తుంది. మందు ఏమిటంటే 'గ, చ రెండూ ఉంటే అవును' అని మూడో షరతు చేర్చడం. లెక్క ప్రకారం అది అనవసరం. తమాషా ఏమిటంటే, షరతులను ముడులుగా మార్చే కంప్యూటరు ప్రోగ్రాము కూడా అనవసరమనుకుని దాన్ని తీసిపారేస్తుంది! తీయవద్దని దానికి విడిగా చెప్పాలి.

అన్న చేసిన మరమ్మతు

పాతకాలపు మెకానిక్కులు ఇటువంటప్పుడు జవాబు వచ్చే కాలికి చిన్న కండెన్సరు తగిలించేవారు. సంకేతం కాస్త ఈడ్చుకుంటూ వస్తుంది, యంత్రం నడుస్తుంది. అన్న కూడా ముందు అదే చేయబోయాడు. నాకు అది నచ్చదు. ఈ చిప్పుకు సరిపోయిన కండెన్సరు రాబోయే చిప్పుకు సరిపోదు, పైగా అంచు మీది యంత్రం అంచు మీదే ఉంటుంది.

మీరు పుస్తకంలోని షరతులు చూస్తే ఎనిమిది జవాబు కాళ్ళలో ఒకటి ఖాళీగా కనిపించింది. 'ద్వారం మూయి' అనే జవాబును ముందు ఆ ఖాళీ కాలి మీదికి పంపి, అక్కడి నుంచి మళ్ళీ వలలోకి తెచ్చి, రెండోసారి బయటికి పంపవచ్చు. సంకేతం చిప్పును రెండుసార్లు దాటుతుంది కనక 9.6 కాస్తా 19.2 అవుతుంది. ద్వారం తెరుచుకోవడం కూడా అంతే ఆలస్యమవుతుంది కాని, అక్కడ వందల నానోసెకన్ల తీరిక ఉంది. చిప్పును చెరిపి కొత్త షరతులు రాశారు. పనిలో పనిగా గాలిలో వేలాడుతున్న రెండు ప్రశ్న కాళ్ళను చిన్న నిరోధకాలతో 5 వోల్టులకు కట్టారు. కొన్ని చిప్పులు అటువంటి కాళ్ళను తామే పైకి లాగి ఉంచుతాయి. కొన్ని చివరగా ఏముందో దాన్నే పట్టుకుని కూర్చుంటాయి. చిప్పు మారినప్పుడు ఇది కూడా కొంప ముంచవచ్చు.

ముందు స్విచ్చులూ దీపాల పరీక్ష, తరవాత తెల్లవారుజామున కాటాలో. అన్ని కాయల బస్తాలూ సరిగ్గా తూగాయి. వేడిగాలి కొట్టినా, కొట్టకపోయినా అదే బరువు. తెప్పించిన పదింటిలో మిగతావాటిని కూడా ఒక్కొక్కటే రాసి చూశారు. అన్నీ పనిచేశాయి. అన్న 'నకిలీ సరుకు' అని పక్కన పడేసిన రెండు చిప్పులూ వాటిలో ఉన్నాయి.

రైతుల ముందు మళ్ళీ వాడే ముందు కాటాకు తూనికలు కొలతల శాఖవారి ముద్ర పడాలి. మరమ్మతు అయిన కాటాను తిరిగి పరీక్ష చేయించుకోవడం చట్టం. మూత బిగించే ముందు అన్న దాని లోపలి వైపు ఒక కాగితం అతికించమన్నాడు. ఏ కంపెనీ చిప్పు, దాని మీది తేదీ అంకెలు, ఏ కాలిని ఎందుకు వాడారు, మార్చిన షరతు ఏమిటి, ఏ రోజు, అన్నీ మీరే గుండ్రంగా రాశారు. పైన పెద్ద అక్షరాలతో ఇంకొక మాట కూడా రాయమన్నాడు: 'దీన్ని ఎండలో పరీక్షించవద్దు, పొద్దున్నే చూడండి.'